వెర్నే సర్వేలో ‘వైజాగపటం జిల్లా’ అని ఉంటే మన లెక్కలోకి వస్తుందా?

కంబాలకొండ_కుర్రాడు:
అందరికీ నమస్కారం. మా కాలేజీ నేచర్ క్లబ్ తరఫున విశాఖ పక్షుల చెక్‌లిస్ట్ తయారుచేస్తున్నాం. పాత రికార్డుల కోసం వెతికితే 1929లో మొదలైన వెర్నే సర్వే దొరికింది, అదే ఆర్థర్ వెర్నే డబ్బు పెడితే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు తూర్పు కనుమల్లో చేసినది. అందులో చాలా పక్షులకి ‘వైజాగపటం జిల్లా’ (విశాఖ జిల్లాకి పాత పేరు) అని ఉంది. అవన్నీ మన జాబితాలో కలిపేసుకోవచ్చా? ఇంకోటి, మేం కంబాలకొండలో చూసిన కొన్ని పిట్టలు ఆ రిపోర్టులో లేవు. అవి తర్వాత కొత్తగా వచ్చాయని రాసేయమంటున్నాడు మా సీనియర్. రాయొచ్చా?

పాతమ్యాపుల_పిచ్చి:
కలపకు తమ్ముడూ, ఆగు. అప్పటి వైజాగపటం జిల్లా అంటే జయపురం, కోరాపుట్ అన్నీ కలిసే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడినప్పుడు అవి అటు పోయాయి. తర్వాత 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం విడిపోయాయి, 2022లో అయితే అనంతగిరి, అరకు కూడా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లిపోయాయి. కాబట్టి జిల్లా పేరు పట్టుకుంటే ఎక్కడా తేలవు. ప్రతి స్పెసిమెన్ (భద్రపరిచిన పక్షి నమూనా) దగ్గర క్యాంపు పేరు, ఎత్తు అడుగుల్లో, తేదీ ఉంటాయి చూడు, అనంతగిరి, శంకరమెట్ట అలా. వాటిని ఇప్పటి మ్యాపులో పెట్టుకుని అప్పుడు తేల్చు. అసలు నన్నడిగితే జిల్లా పేరుతో చెక్‌లిస్టే వద్దు, ‘విశాఖ కొండలు’ అని పెట్టుకో, రేపు మళ్లీ గీతలు మార్చినా నీ జాబితాకి ఏమీ కాదు.

పికిలిపిట్ట_అక్క:
రెండో ప్రశ్నకి నా జవాబు: రాయొద్దు. ఆ సర్వే ఎలా జరిగిందో ఒకసారి ఆలోచించండి. కలెక్టర్లు (జిల్లా కలెక్టర్లు కాదులెండి, పక్షుల్ని కాల్చి తోలు ఒలిచి భద్రం చేసేవాళ్లు) ఒక క్యాంపులో కొన్నాళ్లుండి ఇంకో కొండకి వెళ్లిపోయేవారు. రిపోర్టు రాసిన హ్యూ విస్లర్ పంజాబ్ పోలీసులో చేసి రిటైరై ఇంగ్లండులో ఉన్నాడు, తన దగ్గరికి వచ్చిన తోళ్లు, ఫీల్డ్ నోట్సు చూసి కిన్నియర్ అనే పక్షి శాస్త్రవేత్త సాయంతో రాశాడు. అది 1930 నుంచి 1937 దాకా సొసైటీ జర్నల్లో విడతలుగా వచ్చింది. వాళ్లకి ముఖ్యంగా కావలసింది ఏ కొండల్లో ఏ ఉపజాతి ఉందన్నది, అందుకే రెక్క ఎన్ని మిల్లీమీటర్లు, ముక్కు ఎంత అని అంత ఓపిగ్గా కొలిచారు. వానాకాలం వలస పక్షి కోసం చలికాలం క్యాంపు రికార్డు తిరగేస్తే ఏం దొరుకుతుంది? పైగా మీది సముద్రం పక్కనున్న కొండ, వాళ్లు ఎక్కువగా తిరిగింది పై కనుమల్లో. ఉందన్న దానికి ఆ రిపోర్టు గట్టి సాక్ష్యమే, ఎందుకంటే స్పెసిమెన్ ఉంది. లేదన్న దానికి మాత్రం ఏ సాక్ష్యమూ కాదు.

కంబాలకొండ_కుర్రాడు:
థాంక్స్ అక్కా, అన్నా. పేర్లతో ఇంకో తలనొప్పి. మోల్పాస్టెస్ అని ఒకటుంది, ఏ ఫీల్డ్ గైడ్‌లోనూ కనబడలేదు.

పికిలిపిట్ట_అక్క:
మీ ఇంటి ముందు కరెంటు తీగ మీద కూర్చునే పికిలిపిట్టే బాబూ! ఇప్పుడు పిక్నోనోటస్ అంటారు. పాత పేరు పక్కన ఇప్పటి పేరు రాసుకుంటూ ముందు ఒక పట్టిక చేసుకోండి, లేకపోతే ఒకే పిట్ట రెండుసార్లు జాబితాకెక్కుతుంది. ఈబర్డ్‌లో (చూసిన పక్షుల్ని ఎవరైనా నమోదుచేసే వెబ్‌సైటు) వేసే ఆలోచన ఉంటే మాత్రం, విస్లర్ రికార్డులు మీ సొంత ఖాతాలో వేయకండి.

అనంతగిరి_వాసి:
వెర్నేతోనే ఆగిపోకండి. మన విశాఖ ప్రకృతి పరిశోధకులు కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారు అమెరికా పక్షి శాస్త్రవేత్తలు రిప్లీ, బీలర్‌లతో కలిసి ఈ కనుమల పక్షుల మీద రాసిన వ్యాసం 1987–88లో అదే జర్నల్లో వచ్చింది. అంతకు ముందే, 1985లో, ఇక్కడి అబాట్స్ బాబ్లర్ అనే చిన్న పిట్టని రిప్లీ, బీలర్ ఇద్దరూ కొత్త ఉపజాతిగా వర్ణించి కృష్ణరాజుయి అని ఆయన పేరే పెట్టారు. అంత పెద్ద సర్వే జరిగిన యాభై ఏళ్లకి కూడా ఇదే కొండల్లో కొత్త ఉపజాతి బయటపడిందంటే మీ సీనియర్‌కి అంతకన్నా జవాబు ఏం కావాలి! జర్నల్ పాత సంపుటాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ సైటులో ఉచితంగా చదువుకోవచ్చు. అనంతగిరి వైపు వస్తే చెప్పండి, తెల్లారేసరికి కాఫీ తోటల్లో ఉండాలి, ఎండెక్కాక వస్తే టూరిస్టుల బస్సులే కనబడతాయి.