మానవ భూగోళం ఫస్టియర్‌కి ఎక్కడి నుంచి మొదలుపెడుతున్నారు?

మిర్చియార్డు_దారి
అందరికీ నమస్తే. హనుమకొండలో గెస్ట్ లెక్చరర్‌ని. డిగ్రీ ఫస్టియర్ మానవ భూగోళశాస్త్రం ఈసారి నా నెత్తిన పడింది. 58 మంది, సగం తెలుగు మీడియం. ప్రకృతే మనిషి బతుకుని నడిపిస్తుందన్న రాట్జెల్, ప్రకృతి ఇచ్చే అవకాశాల్లోంచి మనిషే ఎంచుకుంటాడన్న విడాల్ డి లా బ్లాష్‌తో మొదలుపెట్టా. 'నియతివాదం' (రాట్జెల్ వాదం) అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీలన్నీ ఫోన్లలో మునిగాయి. జనాభా, వలస ముందు చెప్పి సిద్ధాంతాలు తర్వాతకి జరపొచ్చా? ఫీల్డ్ వర్క్‌కి ఎక్కడికి తీసుకెళ్తున్నారు? ఇంటర్నల్స్ సంగతి కూడా చెప్పండి.

కట్టమైసమ్మ
ఫీల్డ్ వర్క్‌కి బస్సు ఎందుకండీ? మీ ఊరి చెరువు, కట్ట, అలుగు, ఇళ్లు, పొలాలు గీసుకు రమ్మనండి. నా క్లాసులో చాలా బొమ్మల్లో ఆయకట్టు కట్ట కింద, ఊరు ఆ పక్కనే. వానలు నమ్మకం లేని ఎత్తునేల, అది ప్రకృతి. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండేలా కాకతీయులు గొలుసుకట్టారే, అది మనిషి. నియతివాదం, సంభావ్యతావాదం (విడాల్ వాదం) రెండూ ఒక్క పీరియడ్‌లో అయిపోయాయి. తండా పిల్లల బొమ్మలు మాత్రం వేరు: ఇళ్లు గుట్ట పక్కన, చెరువు ఎక్కడో. ఎందుకని అడిగితే క్లాసు నిశ్శబ్దం. నా సర్వీసులో మంచి క్లాసు అదే.

జగిత్యాల_డిపో
వలసతోనే మొదలుపెట్టండి మేడం/సార్. తాత ఎక్కడ పనిచేశాడు, నాన్న ఎక్కడ, నువ్వు ఎక్కడికి పోదామనుకుంటున్నావు అని మూడు గడులు గీయించా. భీవండి మగ్గాలు, దుబాయ్, హైదరాబాద్. పుష్, పుల్ (ఊరి నుంచి నెట్టేవి, బయటికి లాగేవి) అన్న మాట నేను పలకక ముందే వాళ్లకి తెలిసిపోయింది. ఒకమ్మాయి నాన్న గడి ఖాళీగా వదిలేసింది. ఆరేళ్లుగా ఇంటికి రాలేదట. అప్పటి నుంచి ఇష్టమైతేనే నింపమంటున్నా. తర్వాత 2011 జనాభా లెక్కలు చూపించా: నిజామాబాద్‌లో వెయ్యి మంది మగవాళ్లకు 1040 మంది ఆడవాళ్లు. గల్ఫ్ మహిమ.

బీడీకట్ట
అన్నా, అంతా గల్ఫే అంటే ఎట్ల? బీడీల పని ఇంట్లోనే దొరుకుతుంది కాబట్టి మా దగ్గర ఆడవాళ్లు ఊళ్లోనే ఉండిపోతారు. మా అమ్మ చుట్టింది, నేనూ చుట్టిన. పాలమూరు నుంచి కుటుంబం మొత్తం కలిసి పోతుంది, మా దగ్గర మగవాళ్లే పోతారు. ఆ తేడా చెప్పకుండా 1040 ఒక్కటే చూపిస్తే పిల్లలకు ఏం అర్థమైతది?

జగిత్యాల_డిపో
నేను గల్ఫ్ ఒక్కటే అన్నానా?

బీడీకట్ట
'గల్ఫ్ మహిమ' అని మీరే రాసిన్రు. పైకి పోయి చూడండి.

సీనియర్_24
ఇద్దరూ తప్పే. 24 ఏళ్లుగా ఈ పేపర్ చెబుతున్నా. 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా పూర్తిగా ఊళ్లో లేనివాళ్లని ఆ ఊరి లెక్కలో రాయలేదు. దుబాయ్‌లో ఉన్నవాడు లెక్కలోకే రాడు. ఆరేళ్ల లోపు పిల్లల్లో చూడండి, అమ్మాయిలు వెయ్యికి తక్కువే. అంటే ఆడపిల్లలు ఎక్కువ పుట్టలేదు, మగవాళ్లు ఊళ్లో లేరు. ఇక చెరువు బొమ్మలు, ఇంటి కథలు హైస్కూల్‌కి సరిపోతాయి. డిగ్రీలో పట్నం చుట్టూ పంటల గురించి వాన్ థ్యూనెన్ 1826, ఫ్యాక్టరీల చోటు గురించి వెబర్ 1909, పట్నాల అమరిక గురించి క్రిస్టాలర్ 1933, ఈ సిద్ధాంతాల వరుస దాటకూడదు.

బీడీకట్ట
ఊళ్లో లేరనే కదా సార్ నేనూ చెప్పింది. ఆడవాళ్లు ఎందుకున్నారో మాత్రం మీ లెక్కలో లేదు.

కట్టమైసమ్మ
హైస్కూల్‌కా? సార్, మీ వాన్ థ్యూనెన్ చదును నేల, ఒకటే పట్నం, బండి మీద రవాణా అనుకున్నాడు. పాలు, కూరగాయలు పట్నం పక్కన ఉండాలన్నాడు. పరకాల పిల్లాడు లేచి 'మా ఊరు మొత్తం పత్తే సార్' అంటే ఏం చెబుతారు? వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకి మిర్చి ఎంత దూరం నుంచి వస్తుందో ఒక్కసారి లారీ డ్రైవర్లను అడగండి.

సీనియర్_24
సిద్ధాంతం ఎక్కడ విరుగుతుందో చెప్పాలన్నా ముందు సిద్ధాంతం రావాలి. నేను అన్నది అదే.

మిర్చియార్డు_దారి
అందరికీ థాంక్స్. ఇంటర్నల్స్ గురించి ఎవరైనా...

లక్నవరం_గాలి
ఆ 2011 పట్టికలో ములుగు కోసం మా పిల్లలు అరగంట వెతికారు. ఉండదుగా. అప్పుడు పది జిల్లాలే, ములుగు 2019లో వచ్చింది. పాత వరంగల్ పట్టిక తీసి మండలాల వారీగా కూడించా. కొత్తగా వచ్చిన మండలాల దగ్గర ఊరూరూ ఏరాల్సి వచ్చింది. రెండు రోజులు పట్టింది కానీ, అదే వాళ్ల అసైన్‌మెంట్ అయింది, 10 మార్కులు. మీ ఇంటర్నల్స్‌కి పనికొస్తుందేమో.

జగిత్యాల_డిపో
ఆ పట్టిక పంపగలరా? నా దగ్గర జగిత్యాలది సగంలో ఆగింది. బీడీకట్ట గారూ, 'మహిమ' అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, చూడండి.

బీడీకట్ట
చూసిన. మా వైపు మండలాలు కూడడానికి నేనూ వస్తా.