సమస్య: ‘సుత్తి దెబ్బ దగిలి సుఖము గలిగె’

నిర్వాహకుడు: ఆటవెలది. తాగిన మైకాన్ని చెప్పే ఇంగ్లీషు మాట ఒక్కటైనా పద్యంలో ఉండాలి. కోర్టు మాటైనా సరే, బారు మాటైనా సరే. 1737లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పెన్సిల్వేనియా గెజెట్‌లో ఇలాంటివి 200కు పైగా అచ్చేశాడు. సరుకు లేదనకండి.

డల్లాస్ సభ్యుడు:

హామరైతి ననుచు హాయిగా నవ్వెను
తలను తడిమి చూడ దద్దు లేదు
అడుగ దెలిసె నాకు నది రాత్రి మందని
సుత్తి దెబ్బ దగిలి సుఖము గలిగె

నిర్వాహకుడు: ‘హామరైతి’ ముచ్చటగా ఉంది. ‘నవ్వెను’ తర్వాత ‘దలను’ రావాలి గానీ, వాక్యం అక్కడ ముగిసింది కదా అని వదిలేస్తున్నా. హామర్డ్, స్మాష్డ్, బాంబ్డ్... ఇంగ్లీషు వీధి మాటల్లో తాగినవాడు దెబ్బలు తిన్నవాడే! మనవాడు మాత్రం ‘ఫుల్లు’. నిండటమే తప్ప విరగడం లేదు.

రాజమండ్రి సభ్యురాలు: మన ‘సుత్తి’కీ వీధి అర్థం ఉందిగా!

టిప్సి బావ వచ్చి టీకలు జెప్పుచు
పదము పదము విప్పె పట్టు విడక
నిదురరాని నాకు నిమిషాన కునుకొచ్చె
సుత్తి దెబ్బ దగిలి సుఖము గలిగె

నిర్వాహకుడు: భేష్. సమస్యలోని సుత్తిని వదలకుండానే అర్థం తిప్పేశారమ్మా. ‘కునుకొచ్చె’ వాడుకే అయినా ఇక్కడ అదే అందం. కానీ టిప్సీ అంటే కాస్త తలకెక్కడమే. పట్టు విడవకుండా టీక చెప్పేవాడు ఆ గీత ఎప్పుడో దాటేశాడు.

రాజమండ్రి సభ్యురాలు: ప్లాస్టర్డ్ అందామంటే గణం కుదరలేదండీ. బావ డోసు తగ్గించాను.

కొత్త సభ్యుడు: నేను ఒక్క పాదం దగ్గరే ఆగిపోయాను. ఇంటాక్సికేటెడ్ మీద:
టాక్సికమ్ము యనగ శరముల విషమన్న

నిర్వాహకుడు: విషయం గట్టిది నాయనా. గ్రీకులో అది బాణాలకు పూసే విషమే. గణాలు సరే, యతి చూడు: ‘టా’కు ‘శ’ కుదరదు. ఉకారం మీద యడాగమం రాదు, ‘టాక్సికమ్మనంగ’ అవుతుంది. ఇలా మార్చి చూడు:
శరము ముంచు విషమె శబ్దమూలము సుమ్ము

డల్లాస్ సభ్యుడు: ‘పిస్డ్’తో ఇంకోటి రాద్దామనుకున్నా. లండన్‌లో తాగినవాడు, ఇక్కడ ఒళ్ళు మండినవాడు.

నిర్వాహకుడు: మా ఇంట్లో ఒకరు మొదటి అర్థంలో వస్తే ఇంకొకరు రెండో అర్థంలో ఎదురొస్తారు. రాయండి.