జడత్వంతో నడిచే యంత్రం: నెట్టేది లోపలి బరువా, కింది బల్లా?

గేర్‌బాక్స్:
ఒక పెట్టె చేశాను. లోపలి బరువును వెనక్కి ఒక్క ఊపున విసిరి మెల్లగా ఆపుతుంది, ముందుకు మెల్లగా తెచ్చి ఠక్కున ఆపుతుంది. చక్రాలు లేవు, అయినా బల్ల మీద ముందుకే పోతోంది. ఆనుకోవడానికి ఏమీ లేని అంతరిక్షంలోనూ ఇలాగే పోతుందని నా నమ్మకం. 1959లో అమెరికాలో నార్మన్ డీన్ పేటెంట్ పొందిన యంత్రం కూడా ఈ కోవదే. కళ్లెదుట కదులుతున్నదాన్ని న్యూటన్ పేరు చెప్పి కొట్టిపారేయడం న్యాయమా?

లోలకం:
కదలడం నిజమే. నా పేచీ కారణం గురించి. పెట్టె 2 కిలోలు, ఘర్షణ గుణకం (పెట్టె బరువులో ఎన్నో వంతు బలం దాకా బల్ల ఆపగలదో చెప్పే అంకె) 0.4 అనుకోండి. సుమారు 8 న్యూటన్ల (న్యూటన్ అంటే బలానికి కొలత) దాకా బల్ల దాన్ని కదలనివ్వదు. విసిరినప్పుడు పెట్టె మీద ముందుకు 15 న్యూటన్లు, 0.1 సెకను. ఆపేటప్పుడు వెనక్కి 5 న్యూటన్లు, 0.3 సెకన్లు. బలాన్ని కాలంతో గుణిస్తే రెండూ 1.5 వస్తాయి, అంటే లోపలి లెక్క సున్నా. బల్ల మాత్రం రెండింటినీ ఒకేలా చూడదు. 15 వస్తే ఆపలేక పెట్టెను జారనిస్తుంది. 5 వస్తే పూర్తిగా అడ్డుకుంటుంది. వెనక్కి పోకుండా అడ్డుకోవడమంటే ముందుకు నెట్టడమే కదా! మనం నడిచేటప్పుడు నేల చేసే పని కూడా ఇదే. మీ పెట్టెను నడిపిస్తున్నదే న్యూటన్ మూడో నియమం, అంటే చర్యకు సమానమైన ప్రతిచర్య.

గేర్‌బాక్స్:
మరి నీళ్ల సంగతి? తెప్ప మీద కూర్చుని ఒళ్లు ఒకవైపు విసురుగా, రెండోవైపు నెమ్మదిగా ఊపితే తెప్ప జరుగుతుంది. నీళ్లలో అలా పట్టి ఉంచే ఘర్షణ లేదుగా.

లోలకం:
గట్టి ప్రశ్నే. పట్టు లేదు కానీ నిరోధం ఉంది. కాస్త వేగంగా కదిలితే అది దాదాపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వేగం రెట్టింపైతే నిరోధం నాలుగింతలు. విసురుకూ నెమ్మదికీ నీరు ఒకే బదులు ఇవ్వదు. ఆ తేడాయే తెప్పను జరుపుతుంది.

ఆసక్తి:
తేల్చే పరీక్ష ఏదైనా ఉందా?

లోలకం:
పెట్టెను పొడవాటి దారాలతో లోలకంలా వేలాడదీయండి. బ్యాటరీ లోపలే ఉండాలి, బయటి వైర్లు లాగకూడదు. మీటరు దారమైతే ఒకసారి అటు వెళ్లి తిరిగి రావడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది, యంత్రం లయ దానికి దగ్గరగా ఉండకూడదు. నిజంగా తోపు ఉంటే పెట్టె ఒకవైపు వాలి అక్కడే నిలుస్తుంది. లేకపోతే మధ్యగీతకు అటూ ఇటూ సమంగా ఊగుతుంది. 2006లో నాసా పత్రం ఒకటి కూడా ఇలాంటి యంత్రాలకు లోలకం పరీక్షనే సూచించింది.

గేర్‌బాక్స్:
వేలాడదీస్తాను. వాలకపోతే అంతరిక్షం మాట వదిలేస్తాను. కానీ నేల మీద ఇది మోటారేనని ఒప్పుకోవాలి.

లోలకం:
మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. సూక్ష్మదర్శినుల్లో నమూనాను నానోమీటర్ల లెక్కన జరిపే పిజో మోటార్లు (విద్యుత్తు ఇస్తే కొద్దిగా సాగే పదార్థంతో నడిచేవి) కొన్ని ఈ పట్టు-జారుడు పద్ధతిలోనే పనిచేస్తాయి.