లండన్‌లో కూడా 20 శాతం టిప్ ఇవ్వాలా?

ప్రశ్న: అమెరికా నుంచి లండన్‌కి మారుతున్నామండీ, రెస్టారెంట్‌లో 20 శాతం టిప్ పెట్టడం అలవాటైపోయింది, అక్కడా అంతేనా? షాపుల్లో రేట్ల సంగతేంటి?

జవాబు 1: అంత అక్కర్లేదండీ. ముందు బిల్లు కింద చూడండి, చాలా చోట్ల 12.5 శాతం సర్వీస్ ఛార్జ్ వాళ్లే వేసేస్తారు, మామూలుగా అది ఆప్షనలే, వద్దంటే తీసేస్తారు. పబ్‌లో కౌంటర్ దగ్గర బీరు కొంటే టిప్ అడగరు కానీ ఫ్రెండ్స్‌తో వెళ్తే మీ రౌండ్ వచ్చినప్పుడు అందరికీ మీరే కొనాలి, అది ఎగ్గొడితే మాత్రం గుర్తు పెట్టుకుంటారు 😄

జవాబు 2: అమెరికాలో టిప్పే సగం జీతం కదా పాపం, ఫెడరల్ రూల్ ప్రకారం టిప్పులొచ్చే వాళ్లకి ఓనర్ గంటకి 2.13 డాలర్లిచ్చినా చాలు, టిప్పులతో కలిపి 7.25 అయితే సరి.

జవాబు 3: షాపులో రాసిన రేటే ఫైనల్, వ్యాట్ అందులోనే ఉంటుంది. జీతం మాత్రం అమెరికాలోలా కాదు, అక్కడ చాలా చోట్ల నెలకోసారే ఇస్తారు, చూస్కోండి మరి.