ఫ్రాంకెన్‌స్టైన్: 1818 కోసం ఎగబడాలా, 1831 చాలదా?

పాతఅట్ట:
ఫ్రాంకెన్‌స్టైన్ నవలని 1818లో మొదటిసారి మూడు సంపుటాలుగా, రచయిత్రి పేరు కూడా లేకుండా 500 ప్రతులే వేశారు. 2021లో క్రిస్టీస్ వేలంలో ఒక సెట్టు 11.7 లక్షల డాలర్లకు పోయింది. మనం దాని దరిదాపులకు కూడా పోలేం. 1831లో ప్రచురణకర్త బెంట్లీ వేసిన ఒకే సంపుటం రచయిత్రి మేరీ షెల్లీ స్వయంగా దిద్ది, కొత్త ముందుమాట రాసి ఇచ్చింది. సేకరిస్తే అదే సేకరించాలంటాను. మొదటి ముద్రణ మోజంతా డబ్బు చేసిన జబ్బు.

గోదారిగట్టు:
దిద్దినంత మాత్రాన మెరుగైపోతుందా అన్నా? 1818లో, కథానాయకుడు విక్టర్ పెళ్లాడే ఎలిజబెత్ అతనికి స్వయానా మేనత్త కూతురు. 1831కి వచ్చేసరికి విక్టర్ అమ్మానాన్నలు తెచ్చి పెంచుకున్న అనాథ. దగ్గర చుట్టరికంలో పెళ్లి అక్కడివాళ్లకు ఎబ్బెట్టు కాబట్టి మార్చిందంటారు. మనకైతే మేనరికం, శుభలేఖ వేయించేసేవాళ్లం! పద్దెనిమిదేళ్ల పిల్ల మొదలుపెట్టిన ఆ తెగువ 1831లో చల్లారిపోయింది. నేను 1818 పక్షమే.

పాతఅట్ట:
మరి హొరేస్ వాల్‌పోల్ రాసిన ‘ఒట్రాంటో కోట’ నవల సంగతేంటి? మొదటి ముద్రణలో వాల్‌పోల్ తన పేరు దాచుకుని, పాత ఇటాలియన్ కథకు అనువాదమని బొంకాడు. 1765లో రెండో ముద్రణకి నిజం ఒప్పుకుని, టైటిల్ పేజీ మీద ‘గోథిక్ కథ’ అని వేయించాడు. ఆ మాటే లేని మొదటి ముద్రణ, గోథిక్ కథల (పాత కోటలు, భయాల కథల) పిచ్చోడికి ఎందుకు?

చెదపురుగు:
ఇద్దరూ కథ గురించే కొట్టుకుంటున్నారు గానీ, వేలంలో అంత పలికింది కథకు కాదండీ, అట్టకు. అప్పట్లో పుస్తకాలు చవక అట్టల్లో వచ్చేవి. కొన్నవాళ్లు వాటిని పీకించి తోలు బైండింగు చేయించుకునేవాళ్లు, బైండరు అంచులు కూడా కత్తిరించేసేవాడు. ఆ సెట్టు పాత అట్టలతోనే మిగిలింది.

1831 పిచ్చి నాకూ ఉండేది. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర కొన్నాను. ఫొటోల్లో బాగానే ఉంది. పార్సిల్ విప్పి చూస్తే టైటిల్ పేజీకి ఎదురుగా ఉండాల్సిన బొమ్మ లేదు. అదే, తాను ప్రాణం పోసిన వికృతజీవి నేలమీద లేస్తుంటే చూసి విక్టర్ గదిలోంచి పారిపోయే బొమ్మ. కుట్టు దగ్గర అగ్గిపుల్ల మందాన కాగితం అంచు మాత్రం నిటారుగా నిలబడి ఉంది. ఎవరో బ్లేడు పెట్టి కోసుకుపోయారు, ఫ్రేము కట్టించుకోడానికేమో.

గోదారిగట్టు:
అయ్యో. వెనక్కి పంపారా?

చెదపురుగు:
లేదు. ఆ అంచు చూస్తుంటే పంపబుద్ధి కాలేదు.

పాతఅట్ట:
కడుపు తరుక్కుపోయింది గురూ. అయినా నా మాట నాదే. మేనత్త కూతురితో పరిచయానికి 1818 పాఠం పేపర్‌బ్యాక్‌లో దొరుకుతోంది, అది చాలు. ఈసారి 1831 కనబడితే మాత్రం ముందు బొమ్మ ఫొటో అడుగుతా, ధర తర్వాత.