కన్సోల్‌కి కూడా టాకాక్స్ పెట్టాలా, లోకల్ లాగిన్ చాలా?

రాత్రిషిఫ్ట్: మా బ్రాంచీలన్నిటిలో కలిపి 40 దాకా సిస్కో స్విచ్‌లున్నాయి. ఎస్‌ఎస్‌హెచ్‌కి (నెట్‌వర్క్ మీంచి లాగిన్) టాకాక్స్, అంటే లాగిన్‌లన్నీ ఒక సర్వర్‌ని అడిగి సరిచూసే పద్ధతి; కన్సోల్‌కి (స్విచ్‌కి నేరుగా కేబుల్ పెట్టే పోర్ట్) లోకల్ యూజర్, అంటే స్విచ్‌లోనే రాసిపెట్టిన పేరూ పాస్‌వర్డూ. ఇన్నాళ్లూ ఇలాగే నడిచింది. ఇప్పుడు ఆడిట్ వాళ్లు కన్సోల్‌కీ టాకాక్స్ పెట్టమంటున్నారు. నెట్‌వర్క్ పడిపోయినప్పుడే కదా కేబుల్ పట్టుకుని ర్యాక్ దగ్గరికి పరిగెత్తేది, అప్పుడు కూడా సర్వర్ పర్మిషన్ కావాలా?

పోర్ట్49: మెథడ్ లిస్ట్‌లో (లాగిన్‌ని ఏ వరసలో ఎక్కడ సరిచూడాలో చెప్పే జాబితా) టాకాక్స్ తర్వాత లోకల్ అని రాస్తే సర్వర్ లేనప్పుడు అదే చూసుకుంటుంది కదండీ. ఆడిట్ వాళ్లు అడిగిందాంట్లో తప్పేముంది? మీ లోకల్ పాస్‌వర్డ్ ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లకి కూడా తెలిసే ఉంటుంది, లాగ్‌లో చూస్తే ఎవరు ఏం చేసినా ‘అడ్మిన్’ అనే ఒక్క పేరే.

కన్సోల్‌కేబుల్: అక్కడే అందరూ పప్పులో కాలేసేది. సర్వర్ నుంచి అసలు జవాబే రాకపోతేనే లోకల్‌కి వెళ్తుంది, సర్వర్ కుదరదు అందంటే అక్కడితో ఆగిపోతుంది. మాకోసారి టాకాక్స్ సర్వర్ బాగానే ఉంది, దాని వెనక డైరెక్టరీ (యూజర్ల ఖాతాలుండే సర్వర్) పడుకుంది, దాంతో ఎవరు కొట్టినా రిజెక్టే. లోకల్ పాస్‌వర్డ్ జేబులో పెట్టుకుని స్విచ్ ముందు గంటన్నర కూర్చున్నా. చివరికి అప్‌లింక్ (స్విచ్‌ని మిగతా నెట్‌వర్క్‌కి కలిపే కేబుల్) పీకితే, సర్వర్ అందక, అప్పుడు తీసుకుంది లోకల్.

పోర్ట్49: చూశారా, దారి ఉందిగా :)

కన్సోల్‌కేబుల్: ఉంది, ఆ ఫ్లోర్ మొత్తానికి నెట్ పోయింది, మేనేజర్‌కి మీరే చెప్పండి.

పాతకాన్ఫిగ్: ముందు ఆ లోకల్ ఎలా పెట్టారో చూసుకోండి. కాన్ఫిగ్‌లో కన్సోల్ లైన్ కింద ఉత్త ‘లాగిన్’ అని ఉంటే యూజర్‌నేమ్ అడగనే అడగదు, ‘లాగిన్ లోకల్’ ఉండాలి (ఏఏఏ, అంటే టాకాక్స్ లాంటివి వాడే లాగిన్ వ్యవస్థ, ఆన్ చేశాక ఇది వర్తించదు, మెథడ్ లిస్టే). యూజర్ లైన్‌లో ‘పాస్‌వర్డ్’ అని ఉంటే, పైన టైప్ 7 (సిస్కో పాస్‌వర్డ్ దాచే పద్ధతుల్లో ఒకటి) కనిపించినా అది ఎన్‌క్రిప్షన్ కింద లెక్క కాదు, సెకన్లలో విప్పేస్తారు. ‘సీక్రెట్’ వాడండి, అదీ టైప్ 8 గానీ 9 గానీ. అమెరికా భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ 2022లో చెప్పింది టైప్ 8. ఇంకో మాట, కన్సోల్ దాకా చేరినవాడు స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేసి పాస్‌వర్డ్ రికవరీకి వెళ్లగలడు. ర్యాక్‌కి తాళం లేకుండా ఈ చర్చంతా దండగ.

రాత్రిషిఫ్ట్: తాళం ఉంది, చెవి సెక్యూరిటీ గార్డు దగ్గర... సరే, కన్సోల్‌కి వేరే మెథడ్ లిస్ట్ పెట్టి లోకల్ ఒక్కటే ఉంచుతాను, ఒక్కో బ్రాంచికి వేరే పాస్‌వర్డ్, సీల్ చేసిన కవరులో. ఎవరు లాగిన్ అయినా సిస్‌లాగ్‌కి (లాగ్‌లన్నీ చేరే చోటు) వచ్చేలా చేస్తా.

పోర్ట్49: మనిషి మానేసిన ప్రతిసారీ అవన్నీ ఎవరు మారుస్తారు, మీరేనా? నేనైతే ఒప్పుకోను.

కన్సోల్‌కేబుల్: మార్చేముందు ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టి (పది నిమిషాల్లో స్విచ్ రీస్టార్ట్ అయి, సేవ్ చేయని మార్పులు పోతాయి), రెండో సెషన్ తెరిచే ఉంచండి. లాగిన్ అవుతోందని చూసుకునేదాకా సేవ్ చేయొద్దు, అయ్యాక ఆ రీలోడ్ క్యాన్సిల్ చేయడం మర్చిపోకండి. నేను మర్చిపోయా ఒకసారి.