మెడికల్ కోడింగ్ సర్టిఫికేషన్‌ను నిలుపుకొనే ఖర్చు ఎవరిది? – చర్చ

బరంపురం కోడర్ (చర్చ ప్రారంభం)

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు ఇళ్లలో బీఎస్సీ, బీఫార్మసీ, ఫిజియోథెరపీ చదివిన పిల్లలు చాలామంది విశాఖకో హైదరాబాదుకో వెళ్లి మెడికల్ కోడింగ్‌లో చేరుతున్నారు. 2020 తరువాత వారిలో కొందరు ఇళ్లకు తిరిగివచ్చి ఇక్కడి నుంచే పనిచేస్తున్నారు. అమెరికాలో వైద్యుడు రాసిన నోటును చదివి, వ్యాధికి ఐసీడీ-10-సీఎం కోడును, చేసిన వైద్యానికి సీపీటీ కోడును నిర్ణయించడం ఈ పని. బీమా సంస్థ ఆ కోడ్లను చూసే డబ్బు చెల్లిస్తుంది.

ఈ రంగంలో మన పిల్లలు ఎక్కువగా రాసేది ఏఏపీసీ అనే అమెరికా సంస్థ నిర్వహించే సీపీసీ పరీక్ష. 100 ప్రశ్నలు, 4 గంటల సమయం, 70 శాతం వస్తే ఉత్తీర్ణత; కోడ్ పుస్తకాలు దగ్గర పెట్టుకొని రాయవచ్చు. అయితే పరీక్షతో వ్యవహారం ముగియదు. ఏటా సభ్యత్వ రుసుము డాలర్లలో కట్టాలి, ప్రతి 2 ఏళ్లకు 36 సీఈయూలు, అంటే చదువు కొనసాగించినందుకు ఇచ్చే పాయింట్లు, చూపాలి. రెండో సర్టిఫికేషన్ కూడా ఉంటే అవి 48 అవుతాయి. ఏహెచ్ఐఎంఏ అనే మరో అమెరికా సంస్థ ఇచ్చే సీసీఎస్ సర్టిఫికేషన్‌కు 2 ఏళ్లకు 20 చాలు గాని, మన వైపు దాన్ని రాసేవారు తక్కువ.

ఉద్యోగం దొరికాక, దానివల్ల జీతం పెరగనప్పుడు, సీపీసీని సొంత డబ్బుతో నిలుపుకోవడం అవసరమా అన్నది ప్రశ్న. నిలుపుకోవాలనీ, ఖర్చు మాత్రం కంపెనీయే భరించాలనీ నా అభిప్రాయం.

నాగావళి తీరం (రాయగడ)

అవసరం లేదని నేనంటాను. ఫ్రెషర్‌గా ఉన్నప్పుడు సీపీసీ ఉంటే ఇంటర్వ్యూకు పిలుపు త్వరగా వస్తుంది, కాదనను. చేరిన తరువాత మన పనిని తూచేది క్వాలిటీ టీం. సాధారణంగా 95 శాతం కచ్చితత్వం అడుగుతారు. అది తగ్గితే సీపీసీ ఉన్నవారిని కూడా తిరిగి శిక్షణకు పంపుతారు, తగ్గకపోతే సర్టిఫికేషన్ గడువు తీరినవారికి కూడా కోడు వేయవలసిన చార్టులు (రోగుల రికార్డులు) వస్తూనే ఉంటాయి. క్లయింటుకు పంపే జాబితాలో మన సభ్యత్వ సంఖ్య కనిపిస్తుంది, మన జీతం చీటీలో మాత్రం దాని ఊసు ఉండదు. లాభపడేవారు కట్టనప్పుడు, రూపాయల్లో జీతం తీసుకొనే మనం డాలర్లలో ఎందుకు కట్టాలి?

ఇక 36 పాయింట్ల సంగతి. కంప్యూటరులో వెబినార్ నడుస్తూ ఉంటుంది, మనిషి వంటింట్లో ఉంటాడు. చివర అడిగే ప్రశ్నలకు జవాబులు వాట్సాప్ గ్రూపుల్లో ముందే తిరుగుతుంటాయి. అలా కూడబెట్టిన పాయింట్లను చదువు అనడం నాకు సమ్మతం కాదు. కోడ్లలో వచ్చే మార్పులను కంపెనీ ఎలాగూ ప్రతి అక్టోబరులో శిక్షణ పెట్టి చెబుతుంది.

విశాఖ ఆడిటర్ (సొంత ఊరు పర్లాకిమిడి)

వాట్సాప్ జవాబుల గురించి నాగావళి తీరం గారు చెప్పింది నిజమే, దాన్ని సమర్థించేవారు ఎవరూ ఉండరు. కానీ వారి వాదనలో అన్నిటికంటే బలహీనమైనది చివరి వాక్యం. కంపెనీ ఇచ్చే శిక్షణ చేతిలో ఉన్న ప్రాజెక్టుకు ఎంత కావాలో అంతవరకే ఉంటుంది.

2015 అక్టోబరు 1న అమెరికా ఐసీడీ-9 నుంచి ఐసీడీ-10కు మారినప్పుడు దాదాపు 14,000 వ్యాధి కోడ్ల స్థానంలో 68,000 పైచిలుకు వచ్చాయి. అంత పెద్ద మార్పు గనుక అందరూ కలిసి చదివారు, కంపెనీలు కూడా దగ్గరుండి చదివించాయి. ఆ తరువాత ఏటేటా వస్తున్న మార్పుల దగ్గరే మనవాళ్లు దొరికిపోతున్నారు. 2021లో ఔట్‌పేషెంట్ విజిట్ స్థాయిని నిర్ణయించే పద్ధతి మారింది: రోగి చరిత్రలో ఎన్ని అంశాలు రాశారు, ఎన్ని అవయవాలను పరీక్షించారు అని లెక్కపెట్టే పాత పద్ధతి పోయి, వైద్యుడు తీసుకున్న నిర్ణయం ఎంత క్లిష్టమైనది, లేదా ఆ రోజు ఆ రోగికి మొత్తం ఎంత సమయం వెచ్చించాడు అన్నది ప్రమాణమైంది, కొత్త రోగి అతి తేలికైన విజిట్‌కు వాడే 99201 అనే కోడు పూర్తిగా తొలగిపోయింది. 2023లో అదే పద్ధతి ఆసుపత్రిలో చేరిన రోగులకు కూడా వర్తించి, అబ్జర్వేషన్‌కు, అంటే రోగిని చేర్చుకోకుండా పరిశీలనలో ఉంచడానికి, విడిగా ఉన్న కోడ్లు ఇన్‌పేషెంట్ కోడ్లలో కలిసిపోయాయి. 2024 అక్టోబరు నుంచి స్థూలకాయాన్ని తరగతులవారీగా ఈ66.811, ఈ66.812, ఈ66.813 అని రాయవలసి వచ్చింది.

రిస్క్ అడ్జస్ట్‌మెంట్‌లో, అంటే రోగుల జబ్బుల తీవ్రతను బట్టి బీమా సంస్థకు ఇచ్చే సొమ్మును లెక్కకట్టే పనిలో, మార్పు ఇంకా లోతైనది. అమెరికాలో ప్రధానంగా వృద్ధుల కోసం ప్రైవేటు బీమా సంస్థల ద్వారా నడిచే మెడికేర్ అడ్వాంటేజ్ చెల్లింపులకు వాడే, జబ్బులను వర్గాలుగా కూర్చే హెచ్‌సీసీ నమూనాలో 28వ రూపం 2024లో మొదలై, పాతదానితో కలిపి లెక్కించే దశలు దాటి, 2026లో పూర్తిగా అమలుకు వచ్చింది. చెల్లింపు వర్గాలు 86 నుంచి 115కు పెరిగాయి గనుక అంతా విస్తరించిందని పైపైన చూసినవారు అనుకుంటారు; నిజానికి వివరం లేకుండా పెరిఫెరల్ వాస్క్యులర్ డిసీజ్ (కాళ్లు, చేతుల వంటి చోట్ల రక్తనాళాల జబ్బు) అని మాత్రమే రాసే ఐ73.9 వంటి కోడ్లు చెల్లింపు లెక్కలోంచి తప్పుకున్నాయి. ఇది రేడియాలజీ ప్రాజెక్టులో ఉన్న మనిషికి అక్టోబరు శిక్షణలో ఎవరూ చెప్పరు, చెప్పవలసిన అవసరం కంపెనీకి లేదు. క్లయింటు ఆ రేడియాలజీ పనిని వెనక్కి తీసుకున్న రోజున అదే మనిషి వేరే ప్రాజెక్టు ఇంటర్వ్యూలో నోరు మెదపలేక కూర్చుంటాడు. అందుకే నా కింద పనిచేసేవారికి నేను చెప్పేది ఒకటే: మీరు రోజూ చేసే విభాగంలో సీఈయూలు తీసుకోకండి, చేయని విభాగంలో తీసుకోండి.

వంశధార (గుణుపురం)

పెద్దలకు నమస్కారం. నేను ఈ ఏడాదే బీఎస్సీ పూర్తిచేశాను. మా ఊళ్లో కోడింగ్ నేర్పేవారు లేరు. అమీర్‌పేటలోని ఒక శిక్షణ సంస్థకు ఫోను చేస్తే, పరీక్ష రుసుముతో కలిపి కడితే ఉద్యోగం ఖాయమన్నారు. పాసైనా పేరు పక్కన 'ఏ' అనే అక్షరం తగిలిస్తారని ఇక్కడ ఒక అక్క చెప్పింది. ఆ అక్షరం ఉన్నంతకాలం కూడా సభ్యత్వం కట్టాలా?

బరంపురం కోడర్

కట్టాలమ్మా. అనుభవం లేనివారికి సీపీసీ-ఏ ఇస్తారు. అందులోని 'ఏ'కు అప్రెంటిస్ అని అర్థం. 2 ఏళ్ల కోడింగ్ అనుభవం ఉన్నట్లు లేఖలు పంపితే అది తొలగుతుంది. 80 గంటల కోడింగ్ శిక్షణ ధ్రువపత్రం ఉంటే ఒక ఏడాది అనుభవం చాలు. కాబట్టి శిక్షణ సంస్థ ఇచ్చే పత్రం మీద గంటల సంఖ్య రాస్తుందా అని డబ్బు కట్టకముందే అడగండి. 'ఉద్యోగం ఖాయం' అన్న మాటను వాళ్లు రాసి ఇస్తారేమో కూడా అడిగి చూడండి, జవాబు మీకే తెలుస్తుంది. ఇంకొక మాట: పరీక్షను ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాయవచ్చు గాని 4 గంటలపాటు నెట్, కరెంటు నిలకడగా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన జిల్లాలను ఏం చేసిందో మీకు గుర్తుండే ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలు తప్పించి తేదీ తీసుకోండి, వీలైతే విశాఖలో బంధువుల ఇంటి నుంచి రాయండి.

మహేంద్రగిరి

నేను ట్రాన్స్‌క్రిప్షన్ కాలం మనిషిని. వైద్యుడు చెప్పి రికార్డు చేసిన మాటలను, చెవులకు హెడ్‌ఫోన్, కాలికింద పెడల్ పెట్టుకొని టైపు చేసేవాళ్లం. ఆ వృత్తివారికి 1978లో అమెరికాలో ఏర్పడిన ఏఏఎంటీ అనే సంఘం సీఎంటీ అనే సర్టిఫికేషన్ ఇచ్చేది. 2007లో సంఘం పేరు ఏహెచ్‌డీఐ అయింది, ఆ తరువాత సర్టిఫికేషన్ పేరు కూడా సీహెచ్‌డీఎస్‌గా మారింది. దానికి 3 ఏళ్లకు 30 పాయింట్లు కావాలి. ఇంతలో మాటను గుర్తించి తానే టైపు చేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. మాకు మిగిలింది యంత్రం రాసినదాన్ని దిద్దే పని, దానికి లైనుకు ఇచ్చే పైసలు కూడా తక్కువే.

సర్టిఫికేషన్ ఉన్నవారి జీతాలను కూడా అది కాపాడలేదని చెప్పడానికే ఇదంతా రాశాను. ఆడిటర్ గారు చెప్పే లాభం ఉన్నదే గాని, దాని హద్దు కూడా చెప్పాలి. దిద్దే పనికీ, క్వాలిటీకీ మనుషులను తీసుకున్నప్పుడు మా దగ్గర సర్టిఫికేషన్ ఉన్నవారికే ముందు పిలుపు వచ్చింది, అంతవరకే. ఇప్పుడు రేడియాలజీలో యంత్రమే కోడు వేసి, కోడర్ చూసి సరే అనే పద్ధతి నడుస్తోంది. ఆ సరిచూసే కుర్చీలో ఎవరిని కూర్చోబెడతారన్నది ఈ చర్చలో ఎవరూ ఎత్తలేదు.

కొరాపుట్ రికార్డు గది

ఒక ప్రభుత్వ ఆసుపత్రి రికార్డు విభాగంలో పనిచేస్తున్నాను గనుక మరో వైపు నుంచి చెబుతాను. ఊళ్లోనే ఉండి ఇక్కడి ఆసుపత్రిలో చేరాలనుకొనే పిల్లలకు సీపీసీ అక్కరకు రాదు. మరణ కారణాన్ని వైద్యుడు 4వ నమూనా పత్రంలో రాస్తాడు, దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 ప్రకారం కోడు పడుతుంది; అమెరికా వాడే ఐసీడీ-10-సీఎం దాన్ని వాళ్ల అవసరానికి పెంచుకున్న రూపం. 2025లో ఒడిశా చేరిన ఆయుష్మాన్ భారత్‌లో చెల్లింపులు ఒక్కో చికిత్సకు ముందే నిర్ణయించిన ప్యాకేజీల కోడ్ల మీద నడుస్తాయి, అక్కడ సీపీటీ ప్రసక్తే లేదు.

పైగా 2021లో కేంద్రం తెచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం షెడ్యూల్‌లో హెల్త్ ఇన్ఫర్మేషన్ మేనేజ్‌మెంట్ ఒక వర్గంగా ఉంది. ఆ చట్టం ప్రకారం అనుబంధ వృత్తి నిపుణుడు అనిపించుకోవడానికి 2 నుంచి 4 ఏళ్ల మీద కనీసం 2,000 గంటల డిప్లొమా లేదా డిగ్రీ ఉండాలి. రెండు మూడు నెలల కోచింగ్ ఆ నిర్వచనానికి సరిపోదు. గుణుపురం అమ్మాయి ఏ ఊళ్లో, ఎవరి రికార్డుల మీద పనిచేయాలనుకుంటోందో ముందు తేల్చుకోవాలి.

నాగావళి తీరం

అందరి మాటలూ చదివాను. ఆడిటర్ గారి ఉదాహరణలు చదువు కావాలని రుజువు చేశాయి, రుసుము కావాలని రుజువు చేయలేదు. హెచ్‌సీసీ మార్పులను అమెరికా ప్రభుత్వ సంస్థ సీఎంఎస్ తన వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెడుతుంది, కావలసినవారు చదువుకోవచ్చు.

ఖర్చు కంపెనీ భరించాలన్న బరంపురం కోడర్ గారి మాట వినడానికి బాగుంది. కంపెనీ భరిస్తుంది, భరించి ఇంతకాలం మానకూడదని బాండు రాయించుకుంటుంది. నా స్నేహితురాలికి ఒక కంపెనీ అలాగే కట్టింది. గడువు తీరకముందే మానేస్తానంటే, కట్టిన రుసుముతో పాటు శిక్షణ ఖర్చు అని మరికొంత కలిపి అడిగారు, అది తేలేదాకా అనుభవ పత్రం ఇవ్వలేదు. 'ఏ' తీయించుకోవడానికి కావలసింది సరిగ్గా ఆ పత్రమే.

విశాఖ ఆడిటర్

ఈ అనుభవం తరువాత బరంపురం కోడర్ గారి పక్షాన నేను కూడా పూర్తిగా నిలబడలేను. సభ్యత్వం మనిషి పేరు మీద ఉండేది, అది మనిషే కట్టుకోవడం మేలు. ఏఏపీసీ ఖాతాకు ఆఫీసు ఈమెయిల్ ఇచ్చినవారు ఉద్యోగం మానిన రోజున ఖాతా తెరవలేక తిప్పలు పడుతున్నారు. సొంత ఈమెయిల్ తప్పనిసరి. కంపెనీని అడగవలసింది సీఈయూలకు పనివేళల్లో సమయం. రాత్రి షిఫ్టు ముగించినవారిని మళ్లీ వెబినార్‌కు కూర్చోమంటే వాట్సాప్ జవాబులే వస్తాయి. ఏఏపీసీ హైదరాబాదు, చెన్నై చాప్టర్ల (స్థానిక శాఖల) సమావేశాలకు ఇక్కడి నుంచి వెళ్లిరావడం అయ్యే పని కాదు గనుక ఈ సమయం మన జిల్లాల వారికి మరీ అవసరం.

బరంపురం కోడర్

బాండు లేకుండా కట్టే కంపెనీలు లేకపోలేదు. అయినా నియామక పత్రంలో బాండు గురించిన వాక్యం చదవకుండా సంతకం పెట్టవద్దని నా మొదటి మాటకు చేరుస్తున్నాను.

నాగావళి తీరం

సొంత ఈమెయిల్, పనివేళల్లో సమయం, ఈ రెండూ ఒప్పుకుంటాను. నా మటుకు నేను రిస్క్ అడ్జస్ట్‌మెంట్‌కు మారి, ఆ విభాగానికి ఉన్న సీఆర్‌సీ అనే సర్టిఫికేషన్ పరీక్ష రాయాలనుకుంటున్నాను. అది వచ్చాక సీపీసీని వదిలేస్తాను, ఖర్చు సగమైనా తగ్గుతుంది.

విశాఖ ఆడిటర్

తగ్గదండీ. సీఆర్‌సీ కూడా ఏఏపీసీదే గనుక సభ్యత్వ రుసుము మీరు ఎలాగూ కడతారు. సీపీసీని వదిలితే మీకు మిగిలేది 2 ఏళ్లలో 12 పాయింట్లు మాత్రమే.